‘ఇప్పుడు నేను అట్ల లేను మేడమ్’: ఎనిమిదో తరగతి అబ్బాయితో ఒక కేస్ స్టడీ

నేను స్కూల్ కౌన్సెలర్‌ను. ఎమ్మేలో తత్వశాస్త్రం చదివి తర్వాత ఈ పనిలోకి వచ్చాను. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మధ్య కొన్ని బడుల్లో పిల్లలతో మాట్లాడటం, మోరల్ సైన్స్ పీరియడ్ ఎలా నడిపితే బాగుంటుందో టీచర్లతో కూర్చుని ఆలోచించడం నా పని. ఈ కేసు హనుమకొండలోని ఒక ప్రైవేటు హైస్కూల్లోది. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. పిల్లలిద్దరికీ పేర్లు పెట్టలేదు. ఒకరిని ఆటో వాళ్ళబ్బాయి అని, ఇంకొకరిని తాతగారి మనవడు అని రాస్తాను. ‘వీడియో తీసినోడు’, ‘నత్తోడు’ అని బడిలో అప్పటికే అంటున్నారు. ఆ మాటలు నేను వాడను. ఎందుకు వాడనో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఏం జరిగింది

సాయంత్రం ట్యూషన్‌లో తెలుగు పద్యాలు అప్పజెప్పించుకుంటున్నారు. తాతగారి మనవడి వంతు వచ్చింది. రెండో పాదంలో ఒక అక్షరం దగ్గర ఆగిపోయాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, మెడ ముందుకు చాచి, ఆ అక్షరాన్ని బయటికి తేవడానికి తంటాలు పడుతున్నాడు. పక్క వరసలో ఉన్న ఆటో వాళ్ళబ్బాయి పుస్తకం చాటు నుంచి ఫోన్లో అది తీశాడు. అరనిమిషం కూడా లేని వీడియో. ఇంటికెళ్ళి దానికి కామెడీ మ్యూజిక్ కలిపి ట్యూషన్ పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పడుకునే వేళకి అది బడిలోని మిగతా సెక్షన్లకూ పాకిపోయింది. మర్నాటి నుంచి తాతగారి మనవడు బడికి రావడం మానేశాడు.

యాజమాన్యం వెంటనే స్పందించింది. ఆటో వాళ్ళబ్బాయితో ‘నేను ఇకపై మంచి విద్యార్థిగా ఉంటాను’ అని వందసార్లు రాయించారు. ప్రేయర్‌లో అందరి ముందు నిలబెట్టి సారీ చెప్పించారు. వాడు సారీ చెబుతుంటే వెనక వరసల్లో పిల్లలు ఆ వీడియోలోని నత్తిని అనుకరించి నవ్వారు. ఎవరికి సారీ చెప్పాలో ఆ పిల్లాడు ఆ గ్రౌండ్‌లోనే లేడు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ప్రేయర్‌లో నిలబెట్టి అవమానించడం దేని కిందికి వస్తుందో ప్రిన్సిపల్ గారితో మొదటి మీటింగ్‌లోనే మాట్లాడాను. ఆయన విన్నారు, ఒప్పుకున్నారు. అక్కడి నుంచి పని మొదలైంది.

పెద్దల మాటల్లో ఉన్న ‘నేను’

పిల్లాడితో కూర్చోబోయే ముందు వాడి గురించి పెద్దలు ఏమంటున్నారో వినడం నా అలవాటు. ఆ మాటల్లోనే ‘మనిషి అంటే ఏమిటి’ అన్న సిద్ధాంతం ఒకటి దాగి ఉంటుంది. చెప్పేవాళ్ళకు అది సిద్ధాంతమని తెలియదు, అంతే.

లెక్కల సార్ అన్నారు: “పుర్రెతో పుట్టిన బుద్ధి మేడమ్, పుడకలతో గానీ పోదు. ఆరో తరగతి నుంచీ చూస్తున్న వీణ్ణి.” తల్లి అన్నది: “మా పిల్లగాడు అసుంటోడు కాదు మేడమ్. దోస్తులు చెడగొట్టిన్రు. ఇంట్ల ఎంత మంచిగ ఉంటడో!” ఆమె ఇంట్లోనే మిషన్ కుడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. కాజీపేట, హనుమకొండ మధ్య ఆటో నడిపే తండ్రి మాత్రం ఒకే మాట చెప్పాడు: “ఫోన్ నేనే కొనిచ్చిన మేడమ్. నాదే తప్పు.” క్లాస్ టీచర్‌ది ఇంకో మాట: “ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు కదండీ. ఆ వెనక బెంచీ గుంపును విడదీస్తే అన్నీ సర్దుకుంటాయి.”

నాలుగు మాటలూ ఆ బాబు మీద ప్రేమతోనో బాధతోనో అన్నవే. లెక్కల సార్ దృష్టిలో మనిషి పుట్టుకతోనే పోతపోసి ఉంటాడు. తల్లి దృష్టిలో లోపల మచ్చలేని అసలు మనిషి ఒకడుంటాడు, చెడు బయటినుంచి వచ్చి అంటుకుంటుంది. టీచర్ దృష్టిలో చుట్టూ ఉన్నవాళ్ళు ఎలా ఉంటే మనిషి అలా ఉంటాడు. తండ్రి నేరం మొత్తం తన నెత్తిన వేసుకున్నాడు. వీటిలో ఏ ఒక్కటి పూర్తిగా నమ్మినా పిల్లాడికి మిగిలేది ఒకటే: తను చేయాల్సింది ఏమీ లేదు. పుట్టుబుద్ధి అయితే మార్చుకోలేడు. లోపల మంచివాడే అయితే మార్చుకోవాల్సిన పని లేదు. గుంపుదే తప్పయితే గుంపు చూసుకుంటుంది. ఫోన్‌దే తప్పయితే ఫోన్ లాక్కుంటే చాలు.

నైతిక విద్య పేరుతో మనం పిల్లలకు చెప్పేవి చాలావరకు ఇలాంటివే. ‘నువ్వు బంగారు కొండవు’ అంటాం, లేదా ‘నువ్వు దొంగవు’ అంటాం. రెండూ చేసిన పనిని వదిలేసి మనిషికి బిళ్ళ తగిలించడమే. మంచి బిళ్ళ తగిలిస్తే లాభమే కదా అని టీచర్లు నన్ను తరచుగా అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2014లో అమెరికాలో క్రిస్టఫర్ బ్రయాన్ బృందం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, ‘సాయం చెయ్యండి’ అని విన్న పిల్లల కంటే ‘సాయం చేసేవాళ్ళు అవ్వండి’ అని విన్న పిల్లలే ఎక్కువ సాయం చేశారు. అంటే బిళ్ళకు బలం ఉంది. కానీ తర్వాత కొన్నేళ్ళకు ఎమిలీ ఫోస్టర్-హాన్సన్, మార్జోరీ రోడ్స్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసి చూసింది. సాయం చేయబోయి ఆ పని చెడగొట్టుకున్నప్పుడు, ‘సాయం చేసేవాళ్ళు’ అన్న బిళ్ళ మోస్తున్న చిన్నపిల్లలే ఎక్కువ డీలా పడ్డారు. తర్వాత కష్టమైన సాయానికి వెనకాడింది కూడా వాళ్ళే. నాకు దీంట్లో ఆశ్చర్యం ఏమీ కనిపించలేదు. నువ్వు ఫలానా అని ముందే తేల్చి చెబితే, తప్పు జరిగిన రోజున పిల్లాడికి రెండే దారులు మిగులుతాయి: ఆ ‘ఫలానా’ను వదులుకోవాలి, లేదంటే తప్పే జరగలేదనాలి. పదమూడేళ్ళవాడు సాధారణంగా రెండోది ఎంచుకుంటాడు.

అబ్బాయి మాటలు

లైబ్రరీ గదిలో ఒక మూల కూర్చున్నాం. మొదటి కొద్ది వారాల్లో వాడు వేర్వేరు రోజుల్లో అన్న మూడు మాటలు నా నోట్సులో ఉన్నాయి. ఒకటి: “నాకు సరిగ్గ యాదికి లేదు మేడమ్, ఎవరు పంపిన్రో.” రెండు: “కావాలని చెయ్యలే. అందరు నవ్వుతుంటే చేతిల ఫోన్ ఉండె, అట్ల అయిపోయింది.” మూడోది కొంత ఆలస్యంగా వచ్చింది, వాడు బాగా ఆలోచించే అన్నాడు: “నేను ఇప్పుడు అట్ల లేను మేడమ్. మారిపోయిన. మరి ఇంకా నన్నెందుకు అడుగుతున్నరు?”

ఈ మూడింటినీ సాకులని తోసెయ్యడం తేలిక. నేను తోసెయ్యలేదు. ‘ఆనాటి నేను, ఈనాటి నేను ఒకటేనా’ అన్న ప్రశ్నను తత్వశాస్త్రం కొన్ని వేల ఏళ్ళుగా అడుగుతూనే ఉంది. ఈ బాబు దాన్ని తన అవసరం కోసం అడిగాడు. అడిగినవాడి ఉద్దేశం ఏదైనా ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే.

మొదటి మాట తీసుకుందాం. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్, గతంలో చేసిన పని ఎంతవరకు మన ఎరుకలో ఉంటే అంతవరకే మనం ‘అదే వ్యక్తి’ అన్నాడు. తన గ్రంథం రెండో కూర్పులో, 1694లో, ఈ అధ్యాయాన్ని చేర్చాడు. వ్యక్తి అన్న భావన కోర్టుకు సంబంధించినదని, చేసిన పనిని, దాని ఫలితాన్ని ఒకరి ఖాతాలో వేయడానికి పనికొచ్చేదని కూడా ఆయన అక్కడే రాశాడు. మరి గుర్తు లేకపోతే? దీనికి 1785లో స్కాట్లండ్ తత్వవేత్త థామస్ రీడ్ ఒక చిక్కుముడి వేశాడు. ఒక పిల్లాడు పండ్లతోటలో దొంగతనం చేసి దెబ్బలు తిన్నాడు. పెద్దయ్యాక సైనికాధికారి అయి శత్రువు జెండా పట్టుకున్నాడు. ముసలితనంలో జనరల్ అయ్యాడు. జెండా పట్టుకున్ననాడు అతనికి ఆ చిన్ననాటి దెబ్బలు గుర్తున్నాయి. జనరల్ అయ్యాక జెండా సంగతి గుర్తుంది, దెబ్బల సంగతి పూర్తిగా మరిచిపోయాడు. లాక్ లెక్కన జనరల్, అధికారి ఒకటే. అధికారి, ఆ పిల్లాడు ఒకటే. జనరల్ మాత్రం ఆ పిల్లాడు కాదు! జ్ఞాపకం ఒక్కదాని మీదే ‘నేను’ను నిలబెడితే ఇలా విరిగిపోతుంది. ఇది ఆ బాబుకు కథలాగే చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “జనరల్‌కు యాది లేకున్నా తోటాయనకు యాదుంటది గదా మేడమ్” అన్నాడు. రీడ్ చెప్పిన దానికంటే కూడా నాకు ఈ మాటే ఎక్కువ పనికొచ్చింది. నష్టపోయినవాడి జ్ఞాపకం లెక్కలోకి రావాలని వాడంతట వాడే అన్నాడు. తాతగారి మనవడి పేరు ఆ రోజు ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేకపోయింది.

రెండో మాటకు కఠోపనిషత్తు దగ్గర మంచి జవాబు ఉంది. శరీరం రథం, ఆత్మ అందులో కూర్చున్నవాడు, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. పగ్గం వదిలేసిన సారథికి గుర్రాలు చెప్పుచేతల్లో ఉండవని అందులో ఉంది. ఆత్మకు మచ్చ అంటదన్న నమ్మకం మన ఇళ్ళల్లో బలంగా ఉంటుంది. తల్లి అన్న ‘అసుంటోడు కాదు’ అన్న మాట వెనక ఉన్నది అదే. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. కానీ అదే ఉపనిషత్తు సారథి గురించి కూడా గట్టిగా చెబుతుందని మనం మరిచిపోతాం. నవ్వులు వినబడ్డాయి, చేతిలో ఫోన్ ఉంది, ఇవి గుర్రాలు. పగ్గం పట్టుకోవలసింది ఎవరు? మంచి ఆత్మ లోపల నిద్రపోతుంటే బయట జరిగేదానికి బాధ్యత లేదనడం ఆ రథం బొమ్మలో సగం చెరిపేయడమే.

మూడో మాటే అన్నిటికంటే గట్టిది. దాని దగ్గర నేను ఎక్కువ రోజులు ఆగాను.

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు ఇండో-గ్రీకు రాజు మినాండర్‌ను బౌద్ధులు మిలిందుడు అన్నారు. ఆయనకూ నాగసేనుడనే భిక్షువుకూ మధ్య జరిగినట్టు చెప్పే సంభాషణలు పాళీ భాషలో ఉన్నాయి. అక్కడా రథమే వస్తుంది, కానీ తిరగేసి వస్తుంది. చక్రాలు రథమా? ఇరుసు రథమా? కాడి రథమా? ఏదీ కాదు. విడివిడిగా చూస్తే రథం ఎక్కడా దొరకదు, అన్నీ కలిసినప్పుడు వాడుకలో రథం అంటాం. ‘నాగసేనుడు’ అన్నదీ అలాంటి పేరే. అప్పుడు రాజుకు సహజంగానే అనుమానం వస్తుంది: మారకుండా నిలిచే ‘నేను’ లేకపోతే చేసిన కర్మ ఎవరికి చుట్టుకుంటుంది? నాగసేనుడు మామిడిపళ్ళ దొంగ సంగతి చెబుతాడు. ఒకడు ఇంకొకరి చెట్టు పళ్ళు కోసుకుపోయాడు. దొరికిపోయాక, ‘ఈయన నాటిన మామిడి వేరు, నేను కోసిన మామిడి వేరు, కాబట్టి నేను దొంగను కాను’ అన్నాడు. రాజు ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. కోసిన పళ్ళు నాటిన దాని నుంచే వచ్చాయి కదా. రాత్రంతా వెలిగిన దీపం గురించి కూడా నాగసేనుడు ఇలాగే అడుగుతాడు. మొదటి జామున ఉన్న మంట, చివరి జామున ఉన్న మంట ఒకటేనా? ఒకటే అనలేం, వేరనీ అనలేం. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వచ్చింది.

పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల నాటి బౌద్ధ స్తూపం ఉంది. ఇలాంటి ఆలోచన మన గోదావరి ప్రాంతానికి పరాయిది కాదు. అయినా మన మోరల్ సైన్స్ పీరియడ్‌లో ఎక్కడా వినిపించదు.

ఆ బాబుకు మామిడి దొంగ సంగతి చెప్పి, “నువ్వు మారిపోయావంటే నేను నమ్ముతాను. కానీ మారిన నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావు?” అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆ వీడియో తీసినోని నుంచే” అన్నాడు. బడిలో పిల్లలు వాణ్ణి అంటున్న మాటే అది. వాడు దాన్ని బిళ్ళలా అనలేదు, తన గతం గురించి చెప్పాడు.

కాగితం

జరిగింది రాసివ్వమన్నాను. మొదటిసారి ఇలా రాశాడు: ‘ట్యూషన్‌లో ఒక వీడియో తీయడం జరిగింది. అది గ్రూపులో పోయింది. అందరూ నవ్వారు. తర్వాత ప్రాబ్లమ్ అయింది. సారీ చెప్పాను.’ ఆ కాగితం మీద ఎవరూ ఏమీ చేయలేదు, అన్నీ వాటంతట అవే అయిపోయాయి. మన ఆఫీసుల్లో రాసే నోట్లు కూడా ఇలాగే ఉంటాయి. పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకుంటారో వెతకక్కర్లేదు.

తిట్టలేదు. వాక్యం వాక్యం దగ్గర ‘ఎవరు?’ అని పెన్సిల్‌తో రాసి తిరిగి ఇచ్చాను. వారం తర్వాత ఇంకో కాగితం తెచ్చాడు. వాడి అనుమతితో అందులో కొంత ఇక్కడ పెడుతున్నాను:

‘వాడు ఆగిపోయిండు. నాకు నవ్వొచ్చింది. ఫోన్ తీసిన. వాడు కళ్ళు మూసుకున్నడు కాబట్టి నన్ను చూడడని తెలుసు. ఇంటికి పోయినంక మ్యూజిక్ పెట్టిన. పంపే ముందు కొంచెంసేపు ఆలోచించిన. మొన్న వాడు నాకు సైన్స్ రికార్డు ఇచ్చిండు, అది గుర్తొచ్చింది. అయినా పంపిన. తర్వాత ఎంతమంది నవ్విన్రో మాటిమాటికి చూసుకున్న.’

నేను ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్నాను. ‘చూడడని తెలుసు’ అని రాసిన వాక్యం లాంటిది ఏ పిల్లాడి దగ్గరా చూడలేదు. అందులో పశ్చాత్తాపం అన్న మాట లేదు, మంచివాడినవుతానన్న హామీ లేదు. చేసింది మాత్రం ఏదీ వదలకుండా వాడి పేరు మీదికి వచ్చింది. నా ఉద్దేశంలో నైతిక విద్యలో అసలు పని ఇదే. నువ్వు ఎవరివో పిల్లాడికి మనం చెప్పక్కర్లేదు. చేసిన పనిని తన పేరు మీద రాసుకోవడం, చేయబోయే పనికి మాట ఇవ్వడం నేర్పాలి. ఫ్రెంచి తత్వవేత్త పాల్ రికర్ మనిషి ఒకేలా నిలవడంలో రెండు రకాలు చూశాడు. స్వభావం ఏళ్ళ తరబడి మారకుండా ఉండటం ఒకటి, ఇచ్చిన మాట మీద నిలబడటం ఇంకొకటి. మన స్వభావం ఎంత మారినా ఇచ్చిన మాట దగ్గర మనం మనమే. పదమూడేళ్ళవాడి స్వభావం ఇంకా కుదురుకోలేదు, దాన్ని పట్టుకుని తీర్పు చెప్పడం తొందరపాటు. మాట మాత్రం ఆ వయసులోనూ ఇవ్వగలడు.

తాతగారి మనవడు అడిగింది

ఈ కేసులో మొదటి నుంచీ ఒక పొరపాటు దొర్లే ప్రమాదం ఉంది. తప్పు చేసిన పిల్లాడి మనసు చుట్టూనే అందరం తిరుగుతూ, దెబ్బ తిన్న పిల్లాణ్ణి వాడి పాఠానికి ముడిసరుకు చేసేయడం. అందుకే రెండో ఇంటికి కూడా మొదటి నుంచే వెళ్తూ వచ్చాను.

తాతగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. మనవడంటే ప్రాణం. వాడు నోరు తెరిస్తే చాలు, మిగతాది ఆయనే పూర్తి చేస్తారు. “బడి మార్పించమంటున్నడు మేడమ్” అని ఆయన చెబుతుంటే, ఆ బాబు గట్టిగా ఊపిరి తీసుకుని, ఆగి ఆగి, “న... నన్ను చెప్పనీ తాతా” అన్నాడు. ఆయన నిర్ఘాంతపోయారు. ఆ తర్వాత మేమిద్దరం కదలకుండా కూర్చున్నాం, బాబే మాట్లాడాడు. బడి మారనన్నాడు. ప్రేయర్‌లో ఇంకోసారి తన పేరు ఎత్తొద్దన్నాడు. ఆ వీడియో ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరి దగ్గరికీ ఆటో వాళ్ళబ్బాయే స్వయంగా వెళ్ళి, డిలీట్ చేయమని అడగాలన్నాడు. చివరగా, క్లాసులో తన మాట ఎవరూ పూర్తి చేయకూడదు, టీచర్లు కూడా.

“నేను చెప్పేలోపల వాళ్ళే చెప్పేస్తే, అది నా జవాబు కాదు కదా మేడమ్.”

‘నేను’ అంటే ఏమిటో ఈ కేసులో నేను విన్న అన్ని మాటల్లో ఇది నాకు చాలా ముఖ్యమైనది. చేసిన పనిని తనదిగా ఒప్పుకోవడం ఒక అబ్బాయికి కావాల్సి వచ్చింది. తన మాట తనదిగా ఉండనివ్వడం ఇంకో అబ్బాయికి కావాల్సి వచ్చింది. మొదటిదాన్ని పిల్లాడు ఎగ్గొడితే మనకు కోపం వస్తుంది. రెండోదాన్ని మనం రోజూ ప్రేమతో, తొందరతో లాగేసుకుంటూ ఉంటాం.

ఆటో వాళ్ళబ్బాయి ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు డిలీట్ చేశారు, కొందరు వెక్కిరించారు. ఒక ఇంట్లో తల్లి ‘ఇప్పుడొచ్చినవా’ అని తిట్టి పంపింది. వాడు ఏడుస్తూ వచ్చి ఇక పోనన్నాడు. రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళాడు. నేను వెంట వెళ్ళలేదు. తండ్రి కూడా వస్తానన్నాడు, వద్దన్నాను. తప్పు తన మీద వేసుకోవాలనుకునే తండ్రికి అది కష్టంగా అనిపించింది. ఆయన వెంట వెళితే ఆ పని ఆయనదే అవుతుంది. ఫార్వర్డ్ చేసిన మిగతా పిల్లలతో క్లాస్ టీచర్ విడిగా కూర్చున్నారు. సావాసం సామెత అక్కడ నిజంగా పనికొచ్చింది. నవ్వే గుంపు లేకపోతే ఆ వీడియో గ్రూపుకు వెళ్ళేదే కాదు, గుంపు బాధ్యత గుంపుకు ఉంది.

ఇద్దరూ దోస్తులయ్యారా అని చాలామంది అడుగుతారు. కాలేదు. తాతగారి మనవడు బడికి వస్తున్నాడు, క్లాసులో చెయ్యెత్తుతున్నాడు. ఆటో వాళ్ళబ్బాయితో అవసరమైతే తప్ప మాట్లాడడు. క్షమించమని వాడి మీద ఎవరూ ఒత్తిడి తేకూడదని టీచర్లందరికీ గట్టిగా చెప్పాను. క్షమించడం, క్షమించకపోవడం ఆ బాబు ఇష్టం.

క్లాసులో చేసిన మార్పు

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ కోల్బర్గ్ పద్ధతిలో, చావుబతుకుల్లో ఉన్న భార్య కోసం మందు దొంగిలించాలా వద్దా లాంటి చిక్కు ప్రశ్నలు ఇచ్చి చర్చ పెట్టడం ఈ బడిలో అంతకుముందే ఉంది. ఆటో వాళ్ళబ్బాయి ఆ చర్చల్లో చక్కగా మాట్లాడేవాడట. తీర్పు బాగా చెప్పడానికీ బాగా నడుచుకోవడానికీ మధ్య ఉన్న దూరం గురించి అగస్టో బ్లాసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లోనే రాశాడు. మంచితనం తన ‘నేను’లో భాగమని మనిషికి అనిపించినప్పుడే ఆ దూరం తగ్గుతుందని ఆయన వాదన. నేను చాలావరకు ఒప్పుకుంటాను. కాకపోతే ఆ భావన ‘నేను మంచివాణ్ణి’ అన్న బిళ్ళగా మారితే ఏమవుతుందో పైన చెప్పాను.

చర్చలు అలాగే ఉంచి, ఒక పీరియడ్‌ను స్టాండ్ దగ్గర సైకిల్‌తో నడిపాం. రథం ఎవరూ చూడలేదు కాబట్టి సైకిల్. చైన్ తీసి పక్కన పెట్టి, ఇది సైకిలా? సీటు తీసి, ఇప్పుడు? చక్రం తీసి, ఇప్పుడు? ఎనిమిదో తరగతి పిల్లలు గంటసేపు అరుచుకున్నారు. ‘పోయినేడు టైరు మార్చిన్రు, మరి ఇది పాత సైకిలేనా’ అని ఒకమ్మాయి అడిగింది. ఇంకొకడు, ‘ఎన్ని పార్టులు మార్చినా దాంతోని ఎవరినన్నా గుద్దితే ఇంటిమీదికి నా దగ్గరికే వస్తరు’ అన్నాడు. నాగసేనుడు రాజుకు చెప్పింది దాదాపు ఇదే. పిల్లలకు ‘ఆత్మ ఉందా లేదా’ తేల్చి చెప్పడం బడి పని కాదు. ఒక ఇంట్లో ఒక నమ్మకం ఉంటుంది, పక్కింట్లో ఇంకొకటి. ఉపనిషత్తు చదివే ఇంటివాళ్ళకైనా, బుద్ధుణ్ణి నమ్మే ఇంటివాళ్ళకైనా, ఏదీ పట్టనివాళ్ళకైనా ‘ఇది నేను చేశాను, సరిచేయడం నా పని’ అన్న దగ్గర తేడా రాదు.

టీచర్లతో ఒప్పందం చిన్నది: పిల్లాడి గురించి మాట్లాడేటప్పుడు చేసిన పని పేరుతో మాట్లాడాలి, మనిషికి పేరు పెట్టకూడదు. లెక్కల సార్‌కు ఇది ఇంకా రుచించలేదు. “మెతకగా ఉంటే నెత్తికెక్కుతారు” అంటారు. వందసార్లు రాయించడం కంటే ఇల్లిల్లూ తిరగడమే కఠినమని నా జవాబు. ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది.

రికార్డులో ఏం రాయాలి

దసరా సెలవుల తర్వాత ఆటో వాళ్ళబ్బాయి ఒక సార్ మీద వచ్చిన మీమ్‌ను ఫార్వర్డ్ చేశాడు. ఎవరూ పట్టుకోకముందే తనే వచ్చి చెప్పాడు, గ్రూపులో తీసేశాడు. ‘అడగకుండా ఎవరి ఫొటో, వీడియో పంపను’ అని మాట ఇచ్చి తప్పాడు కాబట్టి చెప్పాలనిపించిందన్నాడు. స్టాఫ్ రూమ్‌లో ఇది ‘మళ్ళీ మొదలుపెట్టాడు’ అన్న మాటగా తిరిగింది. నేను దీన్ని వేరేగా చూస్తాను. మొదటి వీడియోకూ దీనికీ మధ్య తేడా ఫార్వర్డ్‌లో లేదు, నడిచి నా గదికి రావడంలో ఉంది.

అప్పుడే ప్రిన్సిపల్ గారు ఒక ప్రశ్న తెచ్చారు. ఈ బాబు పదో తరగతి అయ్యాక టీసీలో, కాండక్ట్ సర్టిఫికెట్‌లో ప్రవర్తన దగ్గర ఏం రాయాలి? ‘సంతృప్తికరం’ అని రాస్తే జరిగింది దాచినట్టు, రాయకపోతే పిల్లాడి మీద జీవితాంతం ముద్ర. నా సూచన రాతపూర్వకంగా ఇచ్చాను. బడి అంతర్గత రిజిస్టర్‌లో జరిగిన పని, తేదీ, సరిచేయడానికి ఎవరు ఏం చేశారు, ఇవి మాత్రమే ఉండాలి. స్వభావం గురించి ఒక్క విశేషణం కూడా ఉండకూడదు. ఆ పేజీని ఇద్దరు పిల్లల తల్లిదండ్రులూ చదివి సంతకం చేయాలి. తాతగారి మనవడు తన వైపు నుంచి ఏదైనా రాయదలిస్తే రాయాలి. బయటికి వెళ్ళే సర్టిఫికెట్‌లో ఈ ప్రస్తావన రాకూడదు. రిజిస్టర్ గురించి చెప్పినవన్నీ ఆయన ఒప్పుకున్నారు. సర్టిఫికెట్ సంగతి మేనేజ్‌మెంట్ కమిటీ ముందు పెట్టారు, నిర్ణయం ఇంకా రాలేదు. తాతగారి మనవడు రిజిస్టర్‌లో రాయడానికి ఒక పేజీ ఖాళీగా ఉంచమన్నాడు. తొమ్మిదో తరగతి అయ్యాక రాస్తానన్నాడు.